పన్నెండు సంచుల మట్టి

నెడుంతర తూము కాపరి పైలికి తన నాలిక మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద లేదు. అందులో అతని తప్పేమీ లేదు. నాలిక నోట్లోనే ఉండిపోయింది, మనుషులు మాత్రం ఒక్కొక్కరే పడవెక్కి వెళ్లిపోయారు. పొద్దున లేవగానే గట్టు మీద నుంచి వంగి, కాలువ నీళ్లలో వేలు ముంచి, చప్పరించి, ఉమ్మేసి, "ఊఁ" అంటాడు. సముద్రం ఎంత లోపలికొచ్చిందో, తూముకు ఎన్ని పలకలు ఎత్తాలో, ఎన్ని దించాలో అన్నీ ఆ "ఊఁ"లోనే తేలిపోతాయి. ముప్పై తొమ్మిదేళ్లుగా అదే పని.

నెడుంతరలో వానాకాలం వరి, వేసవిలో రొయ్య. వరి కోసేశాక తూము ఎత్తితే పోటు నీళ్లతో రొయ్య పిల్ల తనంతట తానే పొలంలోకి వస్తుంది. మళ్లీ బయటికి పోకుండా చూసుకుని, పెరిగాక పట్టుకోవడమే. గట్టు వెంబడి ఒకప్పుడు ముప్పై ఇళ్లుండేవి. పోటు నీళ్లు వంటింట్లోకి రావడం మొదలయ్యాక పది ఇళ్లు ఖాళీ అయ్యాయి. రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చి గుత్తకు తీసుకునేవాళ్లు మానేశాక ఇంకో పద్దెనిమిది. ఆ తర్వాత మిగిలినవి పైలి ఇల్లూ, లోనప్పన్ ఇల్లూ. నాలుగేళ్ల కిందట లోనప్పన్ గోడ కూలింది. అతను మంచం, చీట్ల పేక పట్టుకుని అవతలి గట్టున మేనల్లుడి ఇంటికి చేరాడు. అప్పటి నుంచి పైలి తూము పలకలతో మాట్లాడుతున్నాడు. పలకలు మంచివే, ఎదురు చెప్పవు. కానీ పేకాటకు పనికిరావు.

పైలికి పెళ్లి కాలేదు. రెండు సంబంధాలు వచ్చాయి. రెండుసార్లూ పిల్ల తరఫువాళ్లు పడవలో వచ్చి, టీ తాగి, "తాగే నీళ్లెక్కడివి?" అని అడిగారు. "అవతలి గట్టు కుళాయి నుంచి పడవలో తెచ్చుకుంటాం" అని పైలి తల్లి నిజం చెప్పింది. వచ్చినవాళ్లు అదే పడవలో వెళ్లిపోయారు. మూడో సంబంధం రాలేదు. ఇప్పుడతనికి యాభై ఎనిమిది, అడిగేవాళ్లెవరూ లేరు.

అలాంటి చోటికి మార్చి ఆఖరి వారంలో రంలత్ వచ్చింది.

ఆమెను పిలిపించింది పొలం సొంతదారుల సంఘం. సంఘం అధ్యక్షుడు సుగుణన్ మాస్టారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా వెనక బెంచీ కుర్రాడితో మాట్లాడినట్టే ఉంటుంది. ఆయనకో ఆలోచన వచ్చింది: వరి మానేసి, పొలాన్ని ఆరడుగుల లోతు తవ్వించి, ఏడాది పొడవునా చేపా రొయ్యా పెంచితే? గట్టు మీద రోడ్డు, కరెంటు స్తంభాలు, కాపలావాళ్లకు ఇళ్లు. దానికి ముందు, ఆ నేల చెరువులకు పనికొస్తుందో లేదో తేల్చి కాగితం ఇవ్వాలి. ఆ కాగితం రాసే పని రంలత్‌ది. ముప్పై ఒకటో రెండో వయసు, కొడుంగల్లూరు పిల్ల. తల మీద గుడ్డ, కాళ్లకు మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, వీపున పెద్ద సంచి.

పడవ దిగిన మొదటి అడుగులోనే ఎడమ బూటు బురదలో ఉండిపోయింది, కాలొక్కటే బయటికొచ్చింది.

"ఆ బూటు ఇక నెడుంతరదేనమ్మా. మా నేల ఏదీ ఊరికే పోనివ్వదు" అన్నాడు పైలి, బురదలో చెయ్యి పెట్టి దాన్ని లాగుతూ.

"చేట్టా, మీరు నవ్వుతున్నారా?" అంది, పెద్దన్నను పిలిచినట్టు.

"నేనా? చాలా రోజులైంది, నవ్వంటే ఇలాగే ఉంటుందేమో."

ఆ పిల్ల నొచ్చుకోలేదు. బూట్లు రెండూ తీసి పడవలో పడేసి, ఉత్త కాళ్లతో దిగింది. పైలికి అక్కడే నచ్చింది.

ఆమె దగ్గర చిన్న దుర్భిణి లాంటి గొట్టం ఒకటుంది. దాని గాజు మీద ఒక చుక్క నీళ్లు వేసి వెలుతురు వైపు తిప్పి చూస్తే ఉప్పు ఎంతుందో అంకె కనిపిస్తుంది. పైలి దాన్ని అనుమానంగా చూసి, తన పద్ధతిలో వేలు ముంచి చప్పరించాడు.

"ఎంత?" అంది ఆమె.

"మొన్నటి కంటే ఎక్కువ. మా అక్క కూరలో వేసే దానికంటే కాస్త తక్కువ."

"మీ అక్క కూరను నేను రిపోర్టులో రాయలేను చేట్టా. అంకె చెప్పండి. ఇది పద్దెనిమిది. గుర్తుపెట్టుకోండి."

పైలి మళ్లీ చప్పరించి పద్దెనిమిదిని గుర్తుపెట్టుకున్నాడు. తూము లోపలి నీళ్లు పదిహేను, చివరి మడి పన్నెండు, సముద్రం వైపు నోరు ఇరవై రెండు. సాయంత్రానికి అతను ముందు నాలికతో చెప్పడం, ఆమె తర్వాత గొట్టంలో చూసి "కరెక్టే" అనడం ఆటయిపోయింది. ఒకసారి అతను పదహారన్నాడు, గొట్టం పదిహేడంది. "గొట్టం తుడువమ్మా" అన్నాడు. ఆమె తుడిచింది, పదహారు. ఆ పూట పైలి గర్వం చూసి తీరాలి.

మర్నాడు, ఆ మర్నాడు మట్టి తీశారు. పాటు సమయంలో నీరు దించి, పొడుగు ఇనుప బరమాను పన్నెండు చోట్ల ఆరడుగుల లోతుకు దించి లాగారు. పైపొర అందరికీ తెలిసిన బురదే. కిందికి పోయేకొద్దీ నల్లగా, నీలంగా, జిగటగా వచ్చింది. మధ్యలో కుళ్లిన చెక్క ముక్కలు, మురిగిన కోడిగుడ్డు వాసన. ఆమె ఆ అడుగు మట్టిని పల్చటి సంచుల్లో చపాతీలా పరిచి, మూతులు తెరిచి ఉంచి, ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేసింది.

"ఇవి ఎనిమిది వారాలు ఇక్కడే ఉండాలి చేట్టా. మా ఆఫీసులో ఏసీకి ఎండిపోతాయి. ఇంట్లో పెడితే వాసనకి ఓనరు ఊరుకోడు. మీ వసారా నీడలో వేలాడదీయండి. తడి ఆరకూడదు, జాగ్రత్త. గాలి తగలాలి. రెండు వారాలకోసారి వచ్చి చూసుకుంటా." అప్పటికే పడవవాడు అరుస్తున్నాడు. ఆమె పరుగెత్తింది.

తడి ఆరకూడదు అన్న మాట పైలి చెవిలో నిలిచింది. గాలి మాట పడవవాడి అరుపులో కొట్టుకుపోయింది. నిజానికి అంతకంటే బాగా నిలిచింది ఇంకో మాట, రెండు వారాలకోసారి వస్తానన్నది.

ఏప్రిల్ ఎండలు ఎలా ఉంటాయో చెప్పేదేముంది. పొద్దున నీళ్లు చల్లితే మధ్యాహ్నానికి సంచుల అంచులు బిగిసిపోయేవి. మధ్యాహ్నం చల్లితే సాయంత్రానికి మళ్లీ అంతే. రెండు రోజులు కుక్కలా కాపలా కాశాడు. మూడో రోజు నీళ్లకు కుళాయికి వెళ్లి వచ్చేసరికి ఐదో నంబరు పగుళ్లిచ్చింది. ఆ పిల్ల నమ్మి అప్పగించి పోయింది, మూడు రోజులు నిలపలేకపోతే మొహం ఎలా చూపిస్తాడు?

నెడుంతరలో ప్రాణంలా చూసుకోవలసిన దాన్ని ఏం చేస్తారో పైలికి తెలుసు. వరి విత్తనాన్ని కొబ్బరాకు బుట్టలో పెట్టి, తాడు కట్టి, తూము పక్కన నీళ్లలో ముంచుతారు. ఎండ తగలదు, ఎలుక తగలదు, చెడిపోదు. అతని తండ్రి అలాగే చేశాడు, తాతా అంతే. పైలి ఆ సాయంత్రమే పచ్చి కొబ్బరాకు అల్లి పెద్ద బుట్ట చేశాడు. పన్నెండు సంచులూ వరసగా పేర్చి తాడు కట్టి ముంచాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. ఆమె వచ్చే ముందురోజు పైకి తీసి, మంచి గుడ్డతో తుడిచి, వసారాలో వేలాడదీశాడు. ఆ సంగతి ఆమెకు చెప్పాలని అతనికి తోచలేదు. చుట్టానికి కూర వడ్డిస్తాం గాని, ఎలా వండామో చెప్పుకుంటూ కూర్చోం కదా.

రెండు వారాలకు, విషు పండుగ ముందురోజున వచ్చింది రంలత్. ప్రతి సంచిలో రంగు కాగితం గుచ్చి చూసింది. "ఏడు. ఏడు. ఏడున్నర. చేట్టా, ఒక్కటీ ఎండలేదు! మా ల్యాబులో కూడా ఇంత బాగా పెట్టరు."

"మా పద్ధతి మాకుంది" అన్నాడు పైలి, మొహం పక్కకు తిప్పుకుని.

ఆ రోజు రొయ్యల గడువు ముగిసే రోజు. ఒకప్పుడు ఆ మధ్యాహ్నం సంఘంవాళ్లు గంట కొట్టగానే ఊరంతా పొలంలోకి దూకేది. ఆడా మగా, ముసలీ ముతకా అందరూ నీళ్లను కలిపి కలిపి బురద చేస్తే, ఊపిరాడక చేపలు పైకి తేలేవి. ఎవరికి దొరికింది వాళ్లది. నాలుగేళ్లుగా గంట లేదు, జనం లేరు. ప్రతి ఏడూ పైలి ఒక్కడే గట్టు మీద కూర్చుని చూసేవాడు. ఒక్కడు కలిపితే బురద లేవదు.

"ఇద్దరు కలిపితే లేస్తుందా?" అంది రంలత్.

"రెండొందల ఎకరాలమ్మా!"

"మూల మడి ఒక్కటే కలుపుదాం."

కలిపారు. గంటసేపు గంతులేశారు. అతని నడుం పట్టుకుపోయింది, ఆమె తల గుడ్డ మీద దాకా బురదైంది. దొరికినవి నాలుగు కరిమీన్ చేపలు, ఒక కత్తిపర చేప. పైలి వాటిని మిరియం, పసుపు రాసి వేయించి, ఉడికించిన కర్రపెండలంతో పెట్టాడు. ఆమె ముళ్లు తీసుకుంటూ వాళ్లమ్మ మోకాళ్ల నొప్పి గురించి, ఆఫీసులో తన కుర్చీ ఎక్కి కూర్చునే గుమాస్తా గురించి, పెళ్లెందుకు వద్దనుకుందో దాని గురించి చెప్పింది. అతను వింటూ కూర్చున్నాడు. ఆమె పడవ కనుమరుగయ్యాక రెండో కంచం కడగకుండా కాసేపు అలాగే ఉంచాడు. కడిగితే ఒక్క కంచమే మిగులుతుంది మరి.

ఆ తర్వాతి రెండు వారాలూ అంతే. బుట్ట నీళ్లలో, పైలి గట్టు మీద. ఆమె వచ్చింది, ఏడు అంది, వెళ్లింది.

కుళాయి దగ్గర అతని అక్క ఫిలోమీన పట్టేసింది. అవతలి గట్టుకు కోడలై వెళ్లి నలభై ఏళ్లు, నోరు మాత్రం నెడుంతరదే.

"ఒరే పైలీ, ఇలా చూడు. జుట్టుకు నూనె రాశావా?"

"ఎండగా ఉందని రాశానే."

"యాభై ఎనిమిదేళ్లలో ఎండ ఈ ఏడాదే వచ్చిందిట్రా? చొక్కాకి బొత్తాలు కూడా కుట్టుకున్నాడు, చూడండమ్మా!"

కుళాయి దగ్గరున్న ఆడవాళ్లంతా నవ్వారు. పైలి బిందె నిండకముందే పడవెక్కేశాడు. రంలత్ తనకు కూతురి వయసు పిల్ల, అదా సంగతి! ఒక మనిషి తనను "ఎంత?" అని అడగడం, తాను చెప్పడం, ఆ మనిషి "కరెక్టే" అనడం. అంతకంటే ఏమీ లేదు. అంత చిన్న సంగతిని కుళాయి దగ్గర ఎలా విప్పి చెప్పాలో అతనికి తెలియలేదు.

ఆరో వారంలో సుగుణన్ మాస్టారు అవతలి గట్టు గ్రంథాలయంలో మీటింగు పెట్టాడు. యాభై మంది వచ్చారు. పైలిని ముందు వరసలో కూర్చోబెట్టారు. పక్కన లోనప్పన్, ఇంకా వక్క నములుతూనే.

రంలత్ లేచి వివరించింది. "ఈ నేల కింద పాతకాలం మడ అడవి పూడిపోయి ఉంది. ఆ మట్టిలో ఒక విషం నిద్రపోతూ ఉంటుంది. నీళ్ల కింద ఉన్నన్నాళ్లూ అది లేవదు. తవ్వి గాలి తగలనిస్తే లేస్తుంది. మట్టి పులుపెక్కుతుంది, చెరువు పులుపెక్కుతుంది, రొయ్యకు పెంకు గట్టిపడదు, చేప మొప్పలు కాలిపోతాయి. ఒకసారి లేచిందా, మన తరంలో నిద్రపోదు. అందుకే మట్టిని ఎనిమిది వారాలు గాలికి పెట్టి, లేపి చూస్తున్నాం. రంగు కాగితం చూపే అంకె నాలుగుకి దిగితే మట్టి పులిసినట్టే, ఆశ వదులుకోవాలి. ఆరు వారాలైంది, ఇంకా ఏడు దగ్గరే ఉంది. మీ అదృష్టం బాగుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. పైలి చేతులు కూడా రెండుసార్లు కలిసి ఆగిపోయాయి.

నీళ్ల కింద ఉన్నన్నాళ్లూ లేవదు.

"విన్నావుట్రా?" లోనప్పన్ మోచేత్తో పొడిచాడు. "కాపలాకి పన్నెండుమందిని పెడతారట. నేనూ పేరిచ్చాను. నీ ఇంటి పక్కనే నా పాత చోటే అడిగాను. ఇక్కడ వరండాలో పడుకుంటున్నానురా, పొద్దున ఏడింటికల్లా మంచం మడిచేయాలి. మేనల్లుడి పెళ్లాం ఏమీ అనదు, చీపురు పట్టుకుని నిలబడుతుందంతే. ఇంక చాలు. పేక దాచిపెట్టాను. ఒక్క ముక్క కూడా పోలేదు."

"మంచిదిరా" అన్నాడు పైలి.

ఇంటికి చేరగానే తాడు లాగి, ఏడో నంబరు సంచి ఒక్కటి తీశాడు. అతని ఇంటి వెనక ఉత్తరపు మూల మట్టి అది. అరటాకు మీద పల్చగా పరిచి వసారా నీడలో పెట్టాడు. మిగతా పదకొండూ మళ్లీ ముంచేశాడు. తెలుసుకోవాలనీ ఉంది, తెలియకూడదనీ ఉంది.

రోజూ చూశాడు. నాలుగు రోజులకు నలుపు విడిచి బూడిద రంగైంది. తొమ్మిదో రోజు పగుళ్ల వెంట పసుపు గీతలు కనిపించాయి, పండిన ఆకు ఈనెల రంగు. పదకొండో రోజు వేలితో తాకి నాలిక మీద పెట్టుకున్నాడు. నోరంతా బిగదీసుకుపోయింది. పటికలా వగరు, లేత చింతకాయలా పులుపు.

ఆ రుచి అతనికి కొత్త కాదు. తొమ్మిదేళ్ల వయసులో ఒక గొయ్యి నీళ్లలో చప్పరించాడు. అతని తండ్రి వరీద్ అదే ఉత్తరపు మూల నిలువెత్తు గొయ్యి తవ్వి కరిమీన్ పిల్లల్ని వదిలాడు. మొదటి వానకు నీళ్లు తుప్పు రంగుకు తిరిగాయి, రెండో రోజుకు పిల్లలన్నీ తెల్ల పొట్టలు పైకి పెట్టాయి. ఎవరి దిష్టో తగిలిందని తల్లి ఏడ్చింది. పాదిరిగారు వచ్చి పవిత్రజలం చల్లారు. తండ్రి గొయ్యి పూడ్చి, ఆ తర్వాత చచ్చేదాకా ఆ మూలకు వెళ్లలేదు. ఎవరి దిష్టీ కాదు. పాపం, ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు.

ఇక పైలి ముందున్న పని చాలా తేలిక. అరటాకు చుట్టి కాలువలో పారెయ్యడం, అంతే. పదకొండు సంచులు ఏడు అంటాయి. ఏడో నంబరు సంచిని ఎలుక కొట్టేసిందని చెబితే ఆ పిల్ల నమ్ముతుంది. కాగితం వస్తుంది, రోడ్డు వస్తుంది, లోనప్పన్ వస్తాడు. సాయంత్రం పక్కింట్లో దీపం ఉంటుంది, దగ్గు వినిపిస్తుంది, ఆట మధ్యలో తగువుంటుంది. చెరువులు పులిసేసరికి ఎంత లేదన్నా ఏడాది, రెండేళ్లు పడుతుంది. రెండేళ్లంటే తక్కువా? నాలుగేళ్లుగా మనిషి గొంతు కోసం గోడకు చెవి పెట్టినవాడికి రెండేళ్లు చాలా ఎక్కువ. పైలి మంచివాడని మనం అనుకోవచ్చు గాని, ఆ మూడు రోజులూ అతను మంచివాడేమీ కాదు. అరటాకును రెండుసార్లు చుట్టాడు కూడా. రెండోసారి కాలువ దాకా వెళ్లాడు.

వేలు ఎప్పటిలాగే నీళ్లలోకి పోయింది, నాలిక మీదికొచ్చింది. ఇరవై ఒకటి. ఆ అంకె అబద్ధం చెప్పదు, అతని నాలిక ఇంతవరకూ చెప్పలేదు. ఆ పిల్ల గొట్టం కూడా దానికే తలవంచింది. పైలి కాసేపు గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. ఎవరూ చూడరు గనక మొహం తుడుచుకోవలసిన పని కూడా లేకపోయింది. తర్వాత అరటాకు తీసుకుని ఇంటికి వచ్చాడు.

ఎనిమిదో వారం రంలత్ ఆఖరి లెక్కకు వచ్చేసరికి వసారాలో సంచులు వేలాడటం లేదు. పైలి ఆమెను తూము దగ్గరికి తీసుకెళ్లి తాడు లాగాడు. నీళ్లు కారుతున్న బుట్టను ఆమె కాళ్ల ముందు పెట్టాడు. పక్కన అరటాకు విప్పాడు.

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఇవి... ఇందులోనే ఉన్నాయా? మొదటి నుంచీ?"

"మూడో రోజు నుంచి."

"చేట్టా! గాలి తగలాలని చెప్పానుగా!"

"తడి ఆరకూడదని కూడా చెప్పావు. విత్తనాన్ని మేమిలాగే కాపాడతామమ్మా. నీ సొమ్ము పాడవకూడదనుకున్నా."

"నా రిపోర్టు టైపు చేసి ఉంది. మాస్టారికి ఫోన్లో చెప్పేశా కూడా. నలుగురిలో నన్నేమంటారు?" ఆమె గొంతు పెరిగింది. ఏడో నంబరులో కాగితం గుచ్చింది. మూడున్నర. చాలాసేపు దాన్నే చూసింది. "ఎప్పుడు తెలిసింది మీకు?"

"మీటింగులో అనుమానం. పదకొండో రోజుకు నమ్మకం."

"అప్పుడే ఎందుకు ఫోను చెయ్యలేదు?"

పైలి దాచలేదు. "నువ్వు రావడం మానేస్తావని."

ఆమె గట్టు మీద అతని పక్కన కూర్చుంది. "మీరు చెప్పకపోయుంటే ఎవరికీ తెలిసేది కాదు" అంది.

"రొయ్యలకి తెలిసేదిగా."

ఆమె నవ్వలేదు, అతనూ నవ్వించడానికి అనలేదు. పదకొండు సంచులూ తుడిచి, ఇద్దరూ కలిసి వసారాలో వేలాడదీశారు. ఈసారి ఆమె ఒకటికి రెండుసార్లు చెప్పింది, అతను తిరిగి అప్పజెప్పాడు. నాలుగు వారాలు చాలంది. ఆఫీసువాళ్లు తనను ఇంకో జిల్లాకు వేస్తున్నారంది. "రావడం కుదరదేమో. రంగు ఫోన్లో చెప్పండి, చాలు. మీ కళ్ల మీద నాకు నమ్మకముంది." పడవెక్కాక తన గొట్టాన్ని అతని చేతిలో పెట్టబోయింది. అతను తీసుకోలేదు. "నాకెందుకమ్మా, నాలికుంది. నువ్వే చూసి చెప్పాలి" అన్నాడు.

సంగతి అవతలి గట్టుకు పడవ కంటే ముందే చేరింది. సుగుణన్ మాస్టారు వచ్చి వసారా కింద నిలబడి ఉతికి ఆరేశాడు. "ముప్పై తొమ్మిదేళ్ల అనుభవం! మట్టిని ముంచి కూర్చున్నాడు! పోనీ ముంచినవాడివి నోరు మూసుకున్నావా, అదీ లేదు." కుళాయి దగ్గర ఆడవాళ్లు నవ్వడం మానేశారు, అది మరీ కష్టంగా ఉంది. ఫిలోమీన ఒక్కతే అతని బిందె పట్టుకుని నింపి పడవలో పెట్టింది. నూనె మాట ఎత్తలేదు.

లోనప్పన్ గ్రంథాలయం మెట్ల మీద ఉన్నాడు. పైలి పక్కన కూర్చోబోతే జరగలేదు.

"ఒక్క మాట మింగుంటే పోయేదిరా పైలీ. ఒక్కటి."

"చచ్చిపోతాయిరా. అన్నీ. నీ వాటా కూడా."

"నాకు తెలుసులే" అన్నాడు లోనప్పన్. జేబులోంచి పేక తీసి, రబ్బరు బ్యాండు విప్పి, మళ్లీ వేసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "తెలుసు. అయినా రెండేళ్లు ఆడుకునేవాళ్లం."

జూన్ మొదట్లో వానలు దిగాయి. పైలి తన అరెకరంలో బురదను ఎప్పటిలా కుప్పలు కుప్పలుగా పేర్చాడు. వాన ఆ కుప్పల మీద పడి ఉప్పునూ పులుపునూ కడుగుతుంది, కడిగాక వాటి మీదే విత్తుతారు. లోతుకు ఎవరూ తవ్వరు. ఎందుకు తవ్వరో ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అలా చేస్తూ వచ్చారంతే. మట్టి ఖాళీ చేసిన కొబ్బరాకు బుట్టలోనే ఈసారి విత్తనం పోసి, అదే తాడుతో ముంచాడు.

వసారాలో సంచులు ఒక్కొక్కటే పసుపు పచ్చకు తిరిగాయి. మొదట మూడో నంబరు, తర్వాత పదకొండోది, తర్వాత అయిదోది. తడి ఆరకుండా, గాలి ఆడేలా, చెప్పింది చెప్పినట్టు చూశాడు. ఒక్కో సంచి పచ్చబడుతుంటే ఆమె ఇంకో అడుగు దూరం జరిగినట్టుండేది. అయినా తిప్పి తిప్పి గాలికి పెట్టాడు. నాలుగో వారం ఆఖరున ఫోను చేశాడు.

"పన్నెండూ పచ్చబడ్డాయమ్మా. రెండోది కాస్త లేత, మిగతావన్నీ ముదురు."

అటు నుంచి బస్సుల హోరు. "రాసుకున్నా చేట్టా. పనికిరాదని ఇవాళే పంపించేస్తా." కాస్త ఆగి, "ఇంక నీళ్లు చల్లక్కర్లేదు. తీసేయండి" అంది. ఒంట్లో ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాడు. వాళ్లమ్మ మోకాళ్లెలా ఉన్నాయని అతను అడిగేలోపు బస్సు వచ్చినట్టుంది.

పైలి సంచులు దించి, మట్టిని తీసుకెళ్లి ఉత్తరపు మూల పోశాడు. గట్టు మీదికొచ్చాడు. వాన వెలిసింది. కాలువ నిండా పైనుంచి వచ్చిన మంచినీళ్లు, సముద్రం నోటిదాకా వెనక్కి పోయింది. వంగి వేలు ముంచి చప్పరించాడు.

"రెండు" అన్నాడు పైకి.

ఎవరో గొట్టంలో చూసి చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగాడు. తర్వాత వెళ్లి తూము పలక ఒకటి ఎత్తాడు.